రాతి అంచు, బావి గట్టు

మారిషస్ దీవికి దక్షిణాన సుయాక్ అనే చిన్న ఊరుంది. దానికి ఎగువన చెరుకు తోటల మధ్య మట్టిబాట పట్టుకుని పోతే సావాన్ నది ఉన్నట్టుండి తెగి కిందపడే చోటు వస్తుంది. దాన్ని రోచెస్టర్ జలపాతం అంటారు. ఎత్తు 10 మీటర్లకు అటూ ఇటూ. మన తలకోన ముందు ఆ ఎత్తు లెక్కలోకి రాదు. కానీ నది బాగా వెడల్పుగా పడుతుంది. నిలువు స్తంభాలుగా చీలిన నల్లరాతి మీంచి పడి, కింద గుండం కట్టి, మళ్లీ నెమ్మదిగా సాగుతుంది. ఆ స్తంభాల నెత్తిన ఊరి కుర్రాళ్లు నిలబడతారు. కింద చేరిన పర్యాటకులు ఫోన్లు ఎత్తి పట్టుకునేదాకా ఆగి, దూకుతారు. ఒడ్డుకొచ్చి చెయ్యి చాపితే ఎవరికి తోచింది వాళ్లిస్తారు. అక్కడి డబ్బు కూడా రూపాయే.

ఇక నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కింది మెట్టపొలాల్లో, ఒకప్పుడు ఎద్దులతో నీళ్లు తోడిన పాత కపిల బావి. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట పిల్లకాయలు అందులోకి దూకుతుంటారు. ఫోను పట్టుకుని నిలబడేవాళ్లు ఉండరు, డబ్బులిచ్చేవాళ్లు అసలే ఉండరు. పొలం కాపు ఒకాయన చెట్టు కింద కూర్చుని అప్పుడప్పుడూ కేకేస్తుంటాడు: "ఒరేయ్, తూర్పు మూల దూకబాకండిరా, ఆడ బండ తలెత్తి ఉండాది!"

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. మారిషస్‌కి మనవాళ్లు పందొమ్మిదో శతాబ్దంలోనే కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి పోయారు. వాళ్ల సంతతి అక్కడ తెలుగు పేర్లతో బతుకుతోంది, ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఆ చుట్టరికం సంతోషమే, అయితే నా పోలిక దాని మీద నిలబడలేదు. ఎత్తు నుంచి నీళ్లలోకి దూకే మనిషిని చూసినప్పుడు మనం అతని గుండె ధైర్యాన్ని మెచ్చుకుంటాం. నా దృష్టిలో మెచ్చుకోవాల్సింది అతనికి ఆ నీటి అడుగు ఎంత తెలుసన్నది. రోచెస్టర్ కుర్రాడికీ ఉదయగిరి పిల్లకాయకీ తెలిసిన నీళ్లు వేరు, తెలుసుకున్న తీరూ వేరు. ఆ తేడా గమనించకుండా, ఆ దీవి వీడియోలు చూసి మన కోనల్లో దూకబోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు రాయి సంగతి. మారిషస్ అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి పుట్టిన దీవి. అక్కడి అతి పాత రాయికి కూడా వయసు 80 లక్షల ఏళ్ల చుట్టూ ఉంటుంది. లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు పైనుంచి కిందికి నిలువుగా పగులుతుంది, అందుకే ఆ స్తంభాలు. వాటి తలలు చదునుగా, కాలు మోపడానికి వీలుగా ఉంటాయి. నదికి నీళ్లు దీవి నడుమ ఉన్న ఎత్తైన నేల మీది వానల నుంచి వస్తాయి. అక్కడ కొన్ని చోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. సముద్రపు గాలి ఏడాది పొడుగునా మబ్బులు మోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి గుండం ఎండిపోదు. అంటే ఆ కుర్రాడికి దూకే ఎత్తు మారదు, నీళ్లు ఉంటాయన్న నమ్మకమూ పోదు. అతను కనిపెట్టాల్సింది ఎగువన వాన పడిందా, నీరు రంగు మారిందా, వడి పెరిగిందా అన్నది. ఆ చదువు అతను పూటపూటా చదువుతాడు.

ఉదయగిరి పక్కనున్న వెలిగొండల రాయి దానికి పూర్తిగా వేరు. నూరు కోట్ల ఏళ్లకి ముందు ఏదో సముద్రం అడుగున చేరిన ఇసుక, ఒత్తిడికి గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. అది పలకలుగా, దిమ్మెలుగా విడిపోతుంది, అంచులు కత్తుల్లా ఉంటాయి. ఆ కొండల వరసలోనే మన కోనలున్నాయి. ఉదయగిరికి పైన సీతారామపురం వైపు ఘటిక సిద్ధేశ్వరం, ఇంకా ముందుకు పోయి జిల్లా హద్దు దాటితే భైరవకోన, దక్షిణాన రాపూరు దాటాక పెనుశిల నరసింహస్వామి వెలసిన పెంచలకోన. భైరవకోనలో ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి, పల్లవ చాళుక్య శైలుల జాడలు వాటిలో కలిసి కనిపిస్తాయి. వాటి పక్కనే సుమారు 200 అడుగుల పైనుంచి నీళ్లు దుముకుతాయి.

అంత ఎత్తుంది, గుండం ఉంది, కార్తీకంలో వేల మంది జనం ఉన్నారు. అయినా అక్కడ దూకే ఆచారం లేదు. వచ్చినవాళ్లు ధార కింద నిలబడి, చేతులు జోడించి, తల తడుపుకుని వస్తారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంటిబిడ్డల తల్లులు అందరూ ఆ ధార కిందికి వస్తారు. కోనలో నీళ్లు మన నెత్తిన పడాలిగానీ మనం నీళ్ల నెత్తిన పడకూడదన్నట్టు ఉంటుంది అక్కడి నడవడి. దీన్ని కేవలం భక్తి అని తీసేయడానికి నాకు మనసొప్పదు. ఆ కొండల మీద వాన ఏడాది పొడుగునా ఉండదు. ఎక్కువ భాగం ఆశ్వయుజ కార్తీకాల్లో, తుపాను పట్టినప్పుడు ఒక్క ఊపున కురుస్తుంది. ఆ ఊపులో వాగు గుండ్లను దొర్లించుకుంటూ వస్తుంది. పోయినేడు రెండాళ్ల లోతున్న చోట ఈ ఏడు మోకాటి లోతున బండ కూర్చుని ఉండొచ్చు. కిందటేటి ఎరుక ఈ ఏటికి పనికిరాదు. పైగా ఆ నీళ్లను రోజూ చూసేవాళ్లు ఎవరూ లేరు. వచ్చేవాళ్లంతా పండక్కో సెలవుకో వచ్చి పోయేవాళ్లు. అడుగు మారుతూ ఉండే నీటిలో ఊరు కాని ఊరివాడు దూకకపోవడమే తెలివి. ఆ తెలివిని పెద్దలు ఆచారంలో దాచిపెట్టారని నా నమ్మకం.

అందుకే రోచెస్టర్‌కి సరిజోడు మన కోన కాదు. చూడ్డానికి ఒకలా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. దానికి సాటి రాగలది కపిల బావి.

బావిని కాస్త దగ్గరగా చూడాలి. పడమటి నెల్లూరు మెట్టలో పాత బావులు చాలావరకు నలుచదరం. పైభాగం రాళ్లతో కట్టి ఉంటుంది, కింద తొలిచిన రాయే గోడ. ఒకవైపు మెట్లు. ఇంకోవైపు రెండు పొడవాటి బండలు నీళ్ల మీదికి చొచ్చుకొచ్చి ఉంటాయి. గిలక బిగించింది వాటి మీదే. ఎద్దులు వెనక్కీ ముందుకూ నడుస్తుంటే తోలుబాన నిండి పైకొచ్చేది. మోకు ఒరుసుకుని ఒరుసుకుని ఆ రాతి అంచున గాడి పడి ఉంటుంది, వేలు పెడితే నున్నగా జారుతుంది. ఎద్దులు పోయాయి, గిలక పోయింది, బండలు మిగిలాయి. నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో పిల్లకాయలు దూకేది ఆ బండల చివరి నుంచే. బావి మీదికి వాలిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. ఒకడు దూకిన ప్రతిసారీ అవి ఊగి, పిట్టలు లేచి, మళ్లీ వచ్చి వాలతాయి.

ఈ బావిలో ఒక చిత్రమైన లెక్క ఉంది. కార్తీకంలో తుపాను వానలకు ఊట పొంగి నీళ్లు గట్టుకు దగ్గరగా వస్తాయి. అప్పుడు దూకే ఎత్తు నాలుగైదు అడుగులే, కింద మాత్రం మూడు నాలుగు ఆళ్ల నీళ్లు. సంక్రాంతి దాటాక మట్టం ఒక్కో మెట్టూ దిగుతుంది. చైత్ర వైశాఖాలకు, సరిగ్గా బడి సెలవులిచ్చే రోజులకు, గట్టు నుంచి నీళ్లు బాగా కిందికి పోతాయి. దూకుడు పెద్దదవుతుంది, నీళ్లు తగ్గిపోతాయి. ఎత్తూ లోతూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. రోచెస్టర్ కుర్రాడికి ఈ చిక్కు లేదు, అతని అంచు ఎప్పుడూ అదే ఎత్తు. ఉదయగిరి పిల్లకాయ నెలనెలా కొత్త లెక్క వేసుకోవాలి. వేసుకునేవాడు కూడా. ఫాల్గుణం దాకా బండ మీంచి, ఆ తర్వాత మెట్ల నడుమ నుంచి, వైశాఖంలో ఇంకా కింది మెట్టు నుంచి. ఏ మెట్టు బయటపడితే ఎక్కడి నుంచి దూకాలో వాళ్లకి నోటికొచ్చు.

శరీరానికి ఈ లెక్క ఎంత ముఖ్యమో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే నీళ్లను తాకడానికి ఒక్క సెకను పడుతుంది, అప్పటికి వేగం గంటకు 36 కిలోమీటర్లు. 10 మీటర్లయితే సుమారు 50. ఆ వేగాన్ని నీళ్లు మింగాలంటే లోతుండాలి. పోటీల్లో 10 మీటర్ల బల్ల కింద కొలను లోతు సుమారు 5 మీటర్లు ఉంచేది అందుకే. ప్రపంచ పోటీల్లో 2013 నుంచి మగవాళ్లు 27 మీటర్లు, ఆడవాళ్లు 20 మీటర్ల ఎత్తు నుంచి దూకుతున్నారు. వాళ్లు కూడా నీళ్లను తాకేది కాళ్లతోనే. మన బావుల్లోనూ కొత్త మట్టం చూసేవాడు కాళ్లు కిందికి పెట్టి దూకేవాడు, అదీ అందరికన్నా పెద్దవాడు. వాడు మునిగి, అడుగు తాకి, పైకొచ్చి చెబితేగానీ మిగతావాళ్లు తలకిందుల దూకుడూ పల్టీలూ మొదలెట్టేవాళ్లు కాదు.

ఆ ఎరుక ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా పోలికకు గుండెకాయ. రోచెస్టర్ కుర్రాడు చిన్నప్పటి నుంచీ ఆ నదిలో ఆడి నేర్చుకున్నాడు. అలవాటే అతని గురువు. కపిల బావి పిల్లకాయకు ఆటతోపాటు పని కూడా నేర్పింది. బావి బతికున్న రోజుల్లో ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు పూడిక తీసేవాళ్లు. అడుసు తవ్వి తట్టలకెత్తితే వరసగా నిలబడ్డ మనుషులు చేతులు మార్చి మెట్ల మీదుగా పైకి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ, కూలికొచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లకాయలూ అందరూ దిగేవాళ్లు. బావి అడుగున కాళ్లు పెట్టి నడిచినవాడికి ఏ మూల బండ ఉందో, ఏ సందులో ఊట ఉందో, ఎక్కడ రాయి ముందుకు పొడుచుకొచ్చిందో అరికాలికే తెలుసు. "తూర్పు మూల దూకబాకండిరా" అన్న కేక వెనక ఉన్నది ఆ తట్టలు మోసిన చెయ్యి. ఈత నేర్పడమూ అంతే పద్ధతిగా సాగేది. నడుముకి ఎండు సొరకాయ బుర్రో మునగ బెండో కట్టి, మోకు కొస నాయనో మేనమామో పట్టుకుని దింపేవాళ్లు. బుర్ర తీసేసే రోజు ఇంట్లో చెప్పుకునే రోజు.

ఇంతవరకు బావినే గెలిపించాను. ఇక రెండింటి తప్పులూ చూడాలి.

రోచెస్టర్ దగ్గర దూకేవాడు చూసేవాళ్ల కోసం దూకుతాడు. కింద జనం ఎక్కువైతే, పక్కవాడు ఇంకో మెట్టు పైనుంచి దూకితే, వీడూ పైకి పోవాల్సి వస్తుంది. లోతును కాకుండా చూపులను బట్టి ఎత్తు నిర్ణయమయ్యే ప్రమాదం అది. హవాయి దీవుల్లో పద్దెనిమిదో శతాబ్దపు రాజు కహెకిలి తన యోధులను లానాయ్ దీవిలోని కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకించి వాళ్ల విధేయతను పరీక్షించేవాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ అంచు 60 అడుగుల పైన. రాజు చూపైనా పర్యాటకుడి ఫోనైనా పైనున్నవాణ్ని నెట్టే నెట్టుడు ఒకటే. మన బావికి ఆ నెట్టుడు లేదు. అయితే రోచెస్టర్ దగ్గరికి ఎవరైనా రావచ్చు. నది నడిచొచ్చినవాళ్లందరిదీ. కపిల బావి మాత్రం ఒకరి సొత్తు. బావి ఎవరిదో ఈత వాళ్లది. తరతరాలుగా ఆ బావి తవ్వినవాళ్లను, పూడిక తీసినవాళ్లను, వాళ్ల పిల్లకాయలను కులం పేరుతో నీళ్లు ముట్టనివ్వని ఊళ్లున్నాయి. అడుగు అందరికన్నా బాగా తెలిసినవాళ్లకే దూకే వీలు లేకపోయింది. దీన్ని దాచి బావిని పొగిడితే అది అబద్ధపు పొగడ్త.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. బావి గట్టున వాళ్లకు బట్టలుతికే చోటుంది, నీళ్లు మోసే పనుంది, ఈత లేదు. కాలుజారి పడితే ఒడ్డుకు చేరడం కూడా నేర్పలేదు. కోనలో ధార కింద ఆడవాళ్లకు దొరికిన చోటు కూడా బావిలో దొరకలేదు. ఈ ఒక్క విషయంలో కోన బావికన్నా మంచిదని ఒప్పుకుంటాను.

ఇప్పుడు అలాంటి బావులు మిగిలింది తక్కువ. బోర్లొచ్చాయి, పోటీపడి లోతుకు దిగాయి, భూమిలో నీరు వాటి వెంట దిగింది. ఊట ఎండిన బావులు కంపతో, చెత్తతో పూడుకుపోయాయి. వానాకాలం నాలుగు నీళ్లు చేరినా వాటి అడుగున ఏముందో తెలిసినవాళ్లు లేరు, పూడిక తీసినవాడు లేడు కాబట్టి. నీళ్లు మాత్రం పిల్లకాయలను పిలవడం మానలేదు. బావి పోతే వాళ్లు వేరే నీళ్లు వెతుక్కున్నారు. ఆ వేరే నీళ్లు మూడు రకాలు, మూడూ దూకడానికి తగనివే.

ఒకటి సోమశిల. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం. ఆత్మకూరు చుట్టుపక్కల వాళ్లకి పెద్ద నీళ్లంటే అదే. వెనుక కడప జిల్లా వైపు ఊళ్లే మునిగాయి. మొండిగోడలూ పాత బావులూ అడుగున ఉన్న నీళ్లవి. మట్టం గేట్ల లెక్కను బట్టి మారుతుంది. రెండోది మైకా గుంతలు. నెల్లూరు అభ్రకం పట్టీ పాత గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల్లో సాగింది. వదిలేసిన గుంతల్లో వాననీరు నిలిచి పచ్చగా, అందంగా కనిపిస్తుంది. గోడ నిలువు, మెట్లు లేవు. దూకడం ఒక క్షణం పని, ఎక్కి రావడానికి దారి కావాలి. కపిల బావికి మెట్లు పెట్టింది ఈత కోసం కాదు, అయినా ఈతగాళ్లను కాపాడింది ఆ మెట్లే. రోచెస్టర్‌లోనూ దూకినవాడు ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కేస్తాడు. మైకా గుంత దూకినవాణ్ని తిరిగి పైకి రానివ్వదు. మూడోది కోన. రీల్స్ కోసం పాచి పట్టిన బండలెక్కి గుండంలోకి దూకే కుర్రాళ్లు ఈమధ్య కోనల్లోనూ కనిపిస్తున్నారు. రోచెస్టర్ లాంటి చోట్ల నుంచి వాళ్లు తెచ్చుకున్నది దూకే భంగిమ ఒక్కటే. ఆ నదిలో రోజూ ఆడే అలవాటు వీడియోలో కనపడదు, కనపడనిది రాలేదు.

మన దేశంలో ఏటా నీళ్లలో మునిగి 35 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ప్రపంచమంతా కలిపి మూడు లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ చావులకు విరుగుడుగా మన అధికారులకు తోచేది ప్రమాద హెచ్చరిక బోర్డు. బోర్డు అక్కర్లేదనను. కానీ ఈత రాని పిల్లకాయకు బోర్డు ఈత నేర్పదు. బంగ్లాదేశ్‌లో పద్ధతి వేరు. ఊరి చెరువులోనే వెదురుతో మెట్టు కట్టి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, స్థానికులకే శిక్షణ ఇచ్చి వాళ్ల చేత ఈత నేర్పిస్తున్నారు. పెద్ద కొలను కట్టే పని లేదు. ఉన్న నీళ్లనే తెలిసిన నీళ్లుగా మార్చారు. అది మన సొరకాయ బుర్ర దారే, కాకపోతే కులానికీ ఆడామగా తేడాకీ కట్టుబడకుండా తెరిచిన దారి.

పాత బావిని బతికించడం అయ్యే పనేనా అని అడిగేవాళ్లకి సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. దశాబ్దాల చెత్త ఎత్తిపోసి 2022లో దాన్ని తిరిగి తెరిచారు, అడుగున ఊట ఇంకా ఉంది. అక్కడ దాన్ని చూడ్డానికి ఉంచారు, ఈతకు కాదు. పెద్ద నగరంలో అది సబబే. మెట్టలో మాత్రం బావి చూసి పోయే వస్తువు కాకూడదు.

పెంచలకోనలోనో భైరవకోనలోనో సాహస క్రీడల పేరుతో దూకుడు బల్ల కట్టాలని రేపు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోనను కోనలాగే ఉంచాలి, ధార కింద నిలబడే జనానికే వదలాలి. ఆ డబ్బుతో ఉదయగిరి, మర్రిపాడు, ఆత్మకూరు మండలాల్లో ఊరికో కపిల బావి ఎంచుకుని, యజమానితో రాతకోతలు చేసుకుని ఊరి ఉమ్మడికి తీసుకుని, ఎండాకాలం పూడిక తీయించాలి. తీసేటప్పుడు ఊరి బడి పిల్లకాయలను అన్ని వాడల నుంచీ పిలిచి, నీళ్లు లేని అడుగున నడిపించాలి. గోడ మీద అడుగులవారీగా గీతలు పెట్టి, ఏ గీత దాకా నీళ్లుంటే ఏ మెట్టు నుంచి దూకవచ్చో రాయించాలి. గట్టున ఒక మోకు, నాలుగు ట్యూబులు, జీతం మీద ఒక ఈతగాడు ఉండాలి. పొద్దుటి పూట ఆడపిల్లలకు విడిచిపెట్టి, వాళ్లకు నేర్పడానికి ఈత వచ్చిన ఆడమనిషినే పెట్టాలి. అలాంటి మనిషి ఆ ఊళ్లో దొరక్కపోతే పక్క ఊళ్లో వెతకాలి, అక్కడా దొరక్కపోతే ముందు ఒకరిద్దరు పెద్దమ్మాయిలకు నేర్పించి వాళ్ల చేతికే ఆ మోకు ఇవ్వాలి.